గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవే తింటున్నా, అయినా పడటం లేదు

కొత్త సభ్యురాలు:

అక్కయ్యలకు, అన్నయ్యలకు నమస్కారం. మేం అమెరికా వచ్చి మూడు నెలలైంది. నాకు సీలియాక్ (గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉందని వచ్చే ముందే తేలింది, బయాప్సీ కూడా అయింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో వండిందే తిన్నాను, నాలుగైదు నెలల్లోనే తేరుకున్నాను. ఇక్కడ బ్రెడ్డు, బిస్కెట్లు, ఓట్స్, ఫ్రోజెన్ భోజనాలు అన్నీ గ్లూటెన్ ఫ్రీవి దొరుకుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడేమో వారానికి మూడు రోజులు కడుపు ఉబ్బరం, విరేచనాలు, మర్నాడంతా తల మొద్దుబారినట్టు ఉంటోంది. మావారు "ప్యాకెట్ మీద రాసి ఉంది కదా, నీదంతా భయం" అంటున్నారు. ఇది నిజంగా నా భయమేనా?

ఒక సభ్యుడు:

భయం కాదమ్మా, మోసం. 20 పీపీఎం వరకూ గ్లూటెన్ ఉన్నా ఫ్రీ అని అచ్చేసుకోవచ్చు. ఫ్రీ అంటే సున్నా ఉండాలి కదా? నేను ప్యాకెట్ ముట్టుకోవడం మానేసి నాలుగేళ్ళయింది, హాయిగా ఉన్నాను. మీరూ మానేయండి, అంతే.

పాత సభ్యురాలు:

అన్నయ్యగారి కోపం అర్థమవుతుంది కానీ, కొత్తగా వచ్చిన పిల్లను ఇంతలా బెదరగొడితే ఎలా? నాకు సీలియాక్ బయటపడి పద్నాలుగేళ్ళు. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు తల్లీ.

ముందు ఆ 20 సంగతి. పీపీఎం అంటే కిలోకి మిల్లీగ్రాములు. రెండు బ్రెడ్డు ముక్కలు 70 గ్రాములనుకో. వాటిలో సరిగ్గా 20 పీపీఎం ఉన్నా నీకు అందేది 1.4 మిల్లీగ్రాములు. మామూలు గోధుమ బ్రెడ్డు ఒక్క ముక్కలోనే గ్లూటెన్ గ్రాముల్లో ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్ళ మీద ఇటలీలో జరిగిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. రోజుకి 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకున్నవాళ్ళ పేగు దెబ్బతింది. చాలామందికి 10 మిల్లీగ్రాముల లోపైతే ఫరవాలేదనే మాట అక్కడి నుంచే వచ్చింది. కానీ ఆ అధ్యయనంలోనే 10 మిల్లీగ్రాములకే మళ్ళీ జబ్బుపడిన మనిషి ఒకరున్నారు. అందుకే "నీకు రాకూడదే" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలాగని రెండు ముక్కల బ్రెడ్డుకే మంచం పట్టావంటే, అది 20 పీపీఎం లోపు గ్లూటెన్ పనే అని వెంటనే తేల్చేయను కూడా.

అమెరికాలో ఈ నిబంధన 2013లో వచ్చింది. గ్లూటెన్ ఫ్రీ అని వేసుకోవడం కంపెనీ ఇష్టం. వేసుకుంటే మాత్రం 20 లోపు ఉండాలి. అయితే అమ్మకానికి పంపేముందు ప్రతి సరుకునీ పరీక్ష చేయించాలని చట్టంలో లేదు. కొన్ని ధ్రువీకరణ ముద్రలకు కట్టుబాటు ఎక్కువ, జీఎఫ్‌సీఓ అనే ధ్రువీకరణ సంస్థ వాళ్ళది 10 పీపీఎం. యూరప్‌లోనూ 20 లోపే. ఆస్ట్రేలియాలో పరీక్షకు అందేంత గ్లూటెన్ ఉండకూడదు, ఓట్స్ అయితే ఆ పేరుతో అమ్మనే కూడదు. అక్కడున్న మా చెల్లెలు ఇక్కడికొచ్చి ఓట్స్ డబ్బా చూసి ముక్కున వేలేసుకుంది.

ఈ ఓట్స్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నా మొదటి అనుమానం దాని మీదే. పొలంలో, లారీలో, గిడ్డంగిలో ఓట్స్‌లో గోధుమ, బార్లీ గింజలు కలుస్తాయి. తర్వాత యంత్రాలతో ఏరేస్తారు, అయినా ఎక్కడో ఒక గింజ మిగులుతుంది. పిండిలో అయితే కల్తీ అంతటా సమంగా పరుచుకుంటుంది. ఓట్స్‌లో అలా కాదు, గింజ పడిన గిన్నెలోనే పడుతుంది. 40 గ్రాముల గిన్నెలో ఒక్క గోధుమ గింజ ఉన్నా 20 పీపీఎం దాటిపోతుంది. పక్క గిన్నెలో ఏమీ ఉండదు. అంటే ఒకే డబ్బాలోంచి సోమవారం తింటే బాగుంటుంది, గురువారం తింటే కూలబడతావు, పైగా "మొన్న తిన్నాను కదా, అది కాదులే" అని దాన్ని వదిలేసి ఇంకో ప్యాకెట్ మీద నెపం వేస్తావు. నేను ఏడాదిపాటు అదే చేశాను. ఇది చాలదన్నట్టు, ఏ గింజా కలవని శుద్ధమైన ఓట్స్‌లోని ప్రొటీనే పడనివాళ్ళు కొద్దిమంది ఉన్నారు. నెల రోజులు ఓట్స్ మానేసి చూడు.

అసలు గ్లూటెన్‌తో సంబంధం లేనివి కూడా ఉన్నాయి. గోధుమ లేకపోతే బ్రెడ్డుకి సాగుడు రాదు కాబట్టి జాంతన్ గమ్, గువార్ గమ్ వేస్తారు. పీచు కోసం ఇనులిన్ వేస్తారు, అదే చికోరీ రూట్ ఫైబర్ అని రాస్తారు. చక్కెర తగ్గించామని చెప్పే వాటిలో సార్బిటాల్, మాల్టిటాల్ అనే తీపి పదార్థాలు ఉంటాయి. ఇవి ఎక్కువైతే ఎవరి కడుపైనా ఉబ్బుతుంది, ఇంకా మానని పేగు సంగతి చెప్పేదేముంది. పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ చిన్నపేగు లోపలి నూగులాంటి పొర అంచున తయారవుతుంది. సీలియాక్‌లో ముందు దెబ్బతినేది ఆ పొరే. అది పూర్తిగా కోలుకోవడానికి పెద్దవాళ్ళకి రెండేళ్ళు, కొందరికి అంతకంటే ఎక్కువ పడుతుంది. అందుకని పాలపొడి ఉన్న గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్టు నిన్ను బాధపెడుతుంటే అది అబద్ధపు లేబుల్ కానక్కర్లేదు.

ఇంకో మాట, అడగకూడదనుకో. మీవారు గోధుమ బ్రెడ్డు తింటారా? టోస్టర్ ఇద్దరికీ ఒకటేనా?

కొత్త సభ్యురాలు:

అయ్యో పిన్నిగారూ. టోస్టర్ ఒకటే. వెన్న డబ్బా కూడా ఒకటే, ఆయన బ్రెడ్డుకి రాసుకున్న చాకుతోనే నేనూ తీస్తాను. ఓట్స్ రోజూ పొద్దున తింటున్నాను. ఈ మెసేజ్ ఆయనకి చూపించాను, మాట్లాడలేదు.

ఇంకో సభ్యుడు:

మధ్యలో దూరినందుకు క్షమించాలి. నాకూ ఇవే బాధలు. పరీక్షలేవీ చేయించుకోలేదు, ఆరు నెలల క్రితం నేనే గోధుమ మానేశాను. చాలా తేడా తెలిసింది. కానీ గ్లూటెన్ ఫ్రీ స్నాక్స్ తింటే మళ్ళీ మొదటికొస్తోంది. నాది ఇంకా ఎక్కువ సెన్సిటివ్ అనుకోవాలా?

పోషకాహార నిపుణురాలైన ఒక సభ్యురాలు:

మీకు ముందు తెలియాల్సింది సీలియాక్ ఉందా లేదా అన్నది. సీలియాక్ రక్తపరీక్ష యాంటీబాడీలను చూస్తుంది. గ్లూటెన్ మానేస్తే అవి తగ్గిపోతాయి, ఇప్పుడు చేయిస్తే ఏమీ లేదని రావచ్చు. డాక్టర్‌తో మాట్లాడి, ఆయన చెప్పినన్ని వారాలు మళ్ళీ గోధుమ తిని పరీక్ష చేయించుకోవాలి. అది తట్టుకోలేననుకుంటే జన్యుపరీక్ష ఉంది, దానికి ఏమీ తినక్కర్లేదు. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యురకాలు రెండూ లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నాయని వస్తే మాత్రం రూఢి కాదు, జబ్బు లేని ఎంతోమందిలో కూడా అవి ఉంటాయి.

సీలియాక్ లేకుండా గోధుమ పడనివాళ్ళ మీద నార్వేలో జరిగిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. ఏది తింటున్నారో చెప్పకుండా గ్లూటెన్ ఒకసారి, ఫ్రక్టాన్ అనే ఒక రకం పిండిపదార్థం ఒకసారి ఇచ్చారు. ఎక్కువ బాధపెట్టింది ఫ్రక్టాన్. అది గోధుమలోనూ ఉంటుంది, ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉంటుంది. పైన చెప్పిన ఇనులిన్ కూడా ఆ జాతిదే. మీ స్నాక్స్ వెనకవైపు ఒకసారి చదవండి.

మొదట అడిగిన చెల్లికి: మీకు ఇదివరకే రూఢి అయింది కాబట్టి గోధుమ తిని చూడటం లాంటివి వద్దు. ఆర్నెల్ల పైమాటే అయింది కనుక రక్తపరీక్ష మళ్ళీ చేయించుకోండి, పాత అంకెతో పోల్చండి. తగ్గుతూ ఉంటే మంచిదే. పెరిగితే మాత్రం గ్లూటెన్ ఎక్కడినుంచో లోపలికి వస్తున్నట్టే. ఇదొక్కటే మీకూ మీవారికీ మధ్య వాదన తీర్చగలదు. పరీక్ష బాగున్నంత మాత్రాన గ్లూటెన్ ఒక్క రవ్వ కూడా లోపలికి పోలేదని కాదు, పొరపాటున ఎప్పుడో కాస్త తింటే అందులో కనిపించకపోవచ్చు. బరువు తగ్గుతున్నా, రక్తం పడుతున్నా ప్యాకెట్లు వెతుక్కుంటూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మొదటి జవాబు రాసిన సభ్యుడు:

టోస్టర్ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ నా మాట ఒకటి వినండి. అమెరికాలో గోధుమ ఉంటే ప్యాకెట్ మీద చెప్పి తీరాలి. బార్లీ, రై విషయంలో ఆ నియమం లేదు. గ్లూటెన్ ఫ్రీ అని రాయని వాటిలో గోధుమ కనిపించలేదు కదా అని కొనేస్తారు మనవాళ్ళు. ఫ్లేవర్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అన్న మాటల వెనక బార్లీ ఉండొచ్చు. "గోధుమ ఉండవచ్చు" అనే హెచ్చరిక కూడా కంపెనీ ఇష్టమే. అది లేదంటే అక్కడ గోధుమ వాడరని అర్థం కాదు.

పాత సభ్యురాలు:

ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

తల్లీ, ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. కొత్త టోస్టర్, నీకు వేరే వెన్న డబ్బా, వేరే చెక్కపలక. మూడు వారాలు అన్నం, కూరగాయలు, గుడ్లు, పళ్ళు, ఇలా ఇంట్లో వండినవే. పప్పులు కూడా గుప్పెడు గుప్పెడు పళ్ళెంలో పోసి ఏరుకో, వాటిలోనూ గోధుమ గింజ దొరుకుతుంది. కుదుటపడ్డాక ఒక్కొక్క ప్యాకెట్ మొదలుపెట్టు, ఒక్కోదానికి నాలుగు రోజులు. ఏం తిన్నావో, ఎన్నింటికి తిన్నావో, ఎప్పుడు బాధ మొదలైందో నోట్‌బుక్‌లో రాయి. రెండుసార్లు అదే జరిగితేనే దాన్ని దోషి అను. ప్యాకెట్ పారేసేముందు లాట్ నంబర్ కనిపించేలా ఫోటో తీసుకో. కంపెనీకి ఫోన్ చేస్తే మొదట వాళ్ళు అడిగేది అదే. నువ్వు అడగాల్సింది రెండే: అదే యంత్రం మీద గోధుమ సరుకు కూడా చేస్తారా, ప్రతి లాట్‌నీ పరీక్షిస్తారా. "మేం నిబంధనలన్నీ పాటిస్తాం" అని తప్ప ఇంకేమీ చెప్పకపోతే నేనైతే ఆ సరుకు కొనను.

కొత్త సభ్యురాలు (ఏడు వారాల తర్వాత):

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. టోస్టర్ మార్చాం, ఓట్స్ మానేశాను. విరేచనాలు రెండో వారానికే ఆగాయి. తర్వాత బ్రెడ్డు మొదలుపెట్టాను, పడింది. ఒక ఫైబర్ బార్ మాత్రం రెండుసార్లూ ఉబ్బరం తెచ్చింది, వెనక పదార్థాల జాబితా చూస్తే చికోరీ రూట్ ఫైబర్ రెండోదిగా ఉంది. ఓ ఫ్రోజెన్ భోజనం తిన్న రెండుసార్లూ పాత బాధే, మర్నాడు తల మొద్దుబారడం కూడా. అందులో అలాంటి ఫైబర్ లేదు, పాలు లేవు, ఓట్స్ లేవు. కంపెనీవాళ్ళకి లాట్ నంబర్ పంపాను, ఇంకా జవాబు రాలేదు. రక్తపరీక్ష వచ్చే మంగళవారం. మావారు తన బ్రెడ్డు ఇప్పుడు బాల్కనీలో నిలబడి తింటున్నారు, అంత అక్కర్లేదని చెప్పినా వినడం లేదు.