మూడు సర్వర్లు కలిసి వాడుకునే డిస్కుకు ఎన్‌క్రిప్షన్: ఏ పొర ఎక్కడ ఉండాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా సంస్థలో మూడు లినక్స్ సర్వర్లను పేస్‌మేకర్, కోరోసింక్ అనే సాఫ్ట్‌వేర్‌లతో ఒక క్లస్టర్‌గా (ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపుగా) కూర్చాము. మూడింటికీ ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కును అందించే పద్ధతి) ద్వారా ఒకే లన్, అంటే స్టోరేజీ పెట్టె ఒకే డిస్కుగా చూపే స్థలం, కనిపిస్తుంది. అందులో ఉండబోయేవి ఖాతాదారుల దస్తావేజుల స్కాన్ ప్రతులు కనుక, స్టోరేజీ పెట్టెలోని డిస్కులు ఎవరి చేతికి చిక్కినా చదవడానికి వీలు కాకూడదన్నది మాకు పెట్టిన షరతు. ఒకే లక్స్ (లినక్స్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) వాల్యూమును మూడు సర్వర్లలోనూ ఏకకాలంలో తెరిచి ఉంచవచ్చా? దాని మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టం చాలని మా సహోద్యోగి ఒకరు అంటున్నారు, అది సరైనదేనా? కీ ఫైలును ఎక్కడ ఉంచాలో కూడా దయచేసి చెప్పగలరు.

జవాబు 1

తెరిచి ఉంచవచ్చండి. లక్స్ కింద పనిచేసే కెర్నెల్ భాగమైన డీఎం-క్రిప్ట్, డిస్కులోని ప్రతి సెక్టారునూ దాని సంఖ్యను బట్టి విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుందే తప్ప, పక్క సర్వరుకు తెలియజేయవలసిన సమాచారమేదీ తన దగ్గర దాచుకోదు. కాబట్టి వాల్యూము కీ ఒకటే అయినంతవరకు ఒక సర్వరు రాసినదాన్ని మరొకటి ఇబ్బంది లేకుండా చదువుతుంది.

చిక్కంతా పైనున్న ఫైల్ సిస్టంతోనే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ ఈఎక్స్‌టీ4 గానీ డిస్కు మొత్తం తన ఒక్కదాని అధీనంలోనే ఉందన్న నమ్మకంతో మెటాడేటాను (ఏ ఫైలు ఎక్కడుంది, ఏ బ్లాకు ఖాళీ అన్న వివరాలను) మెమరీలో పెట్టుకుని పని చేస్తుంది. వాటిని రెండు చోట్ల మౌంట్ చేస్తే, ఒక సర్వరు ఇప్పుడే ఫైలు రాసిన బ్లాకును రెండోది ఖాళీ అనుకుని దానిపైనే రాసేస్తుంది. మీ సహోద్యోగి గారి సూచన ఇక్కడ పనికిరాదు. పలు సర్వర్లు ఒకేసారి వాడుకునేలా చేసిన జీఎఫ్‌ఎస్2 లేదా ఓసీఎఫ్‌ఎస్2 ఫైల్ సిస్టం తప్పనిసరి.

జీఎఫ్‌ఎస్2 ఎంచుకుంటే వరుస ఇలా ఉండాలి: అడుగున డీఎల్‌ఎం, ఎల్‌వీఎంలాక్‌డీలతో (సర్వర్ల మధ్య తాళాలను సమన్వయం చేసే సేవలతో) నడిచే షేర్డ్ వాల్యూం గ్రూపు, అందులో ఒక లాజికల్ వాల్యూం, దాని మీద లక్స్2 (లక్స్ రెండో రూపం), ఆ పైన జీఎఫ్‌ఎస్2. లక్స్ ఫార్మాట్ ఏదో ఒక సర్వరు నుంచి ఒక్కసారి చేస్తే చాలు. ఫైల్ సిస్టం సృష్టించేటప్పుడు మాత్రం లాజికల్ వాల్యూం పేరు కాకుండా, లక్స్ తెరిచాక మ్యాపర్ కింద వచ్చే పరికరం పేరే ఇవ్వండి, ఎందుకంటే పొరపాటున మొదటిదాన్ని ఇస్తే లక్స్ హెడరు (కీల వివరాలుండే మొదటి భాగం) మీదే రాతపడి వాల్యూము ఇక తెరుచుకోకపోవచ్చు. సర్వరుకొక జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) చొప్పున మూడు జర్నళ్లు కావాలి. పేస్‌మేకర్‌లో లక్స్ వాల్యూమును తెరిచి మూసే క్రిప్ట్ అనే రిసోర్స్ ఏజెంటు సిద్ధంగా ఉంది. దాన్ని క్లోన్‌గా (అన్ని సర్వర్లలోనూ నడిచేలా) పెట్టి, ఎల్‌వీఎం యాక్టివేషన్ తర్వాత, మౌంటుకు ముందు మొదలయ్యేలా క్రమం నిర్దేశించండి.

జవాబు 2

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఫెన్సింగ్ (చెడిన సర్వరును డిస్కు నుంచి బలవంతంగా వేరుచేయడం) గురించి గట్టిగా చెప్పదలిచాను. ఒక సర్వరు స్తంభించి క్లస్టర్‌కు దూరమైనా, దాని కెర్నెల్‌లో కీ అలాగే ఉంటుంది, వాల్యూము తెరిచే ఉంటుంది; అది తేరుకోగానే పాత రాతలను డిస్కుకు పంపగలదు. ఎన్‌క్రిప్షన్ దీన్ని ఏమాత్రం ఆపదు. కరెంటు తీసేయడమో, లన్‌కు దారి మూసేయడమో చేసే ఫెన్సింగ్ పరికరం లేకుండా ఈ ఏర్పాటును వాడుకలోకి తేవద్దని నా విన్నపం. కోరమ్ (సర్వర్లలో మెజారిటీ) పోయినప్పటి విధానాన్ని కూడా జీఎఫ్‌ఎస్2 కోసం స్టాప్ (ఆపేయడం) నుంచి ఫ్రీజ్‌కు (ఉన్నచోటే నిలిపేయడానికి) మార్చాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. లక్స్2లో ఇంటెగ్రిటీ ఎంపిక కూడా చూశాను. డేటా మారిపోతే పట్టుకుంటుంది కదా, దాన్ని కూడా చేర్చవచ్చా?

జవాబు 3

చేర్చకండి. ఆ ఎంపిక కింద డీఎం-ఇంటెగ్రిటీ అనే కెర్నెల్ భాగాన్ని తెస్తుంది. అది సొంత జర్నల్‌ను, ట్యాగులను (డేటా మారిందేమో సరిచూసే గుర్తులను) తానొక్కటే రాస్తున్నట్టుగా నిర్వహిస్తుంది కనుక, పలు సర్వర్లు ఒకేసారి రాసే చోట అది డేటాను కాపాడకపోగా పాడుచేస్తుంది.

ఇక కీ విషయం. మూడు సర్వర్లలోనూ ఒకే దారిలో, రూట్‌కు మాత్రమే చదివే హక్కుతో కీ ఫైలు ఉంచడం మామూలు పద్ధతి. ఆ సర్వర్ల సొంత డిస్కులు ఎన్‌క్రిప్ట్ కాకపోతే మాత్రం, యంత్రాన్ని ఎత్తుకుపోయినవారికి కీ కూడా దొరుకుతుంది. అందువల్ల వాటి రూట్ డిస్కులనూ లక్స్‌తో భద్రపరిచి, క్లెవిస్, టాంగ్‌లతో (నెట్‌వర్క్‌లోని టాంగ్ సర్వరు సాయంతో డిస్కును తెరిచే సాధనాలతో) ముడిపెట్టండి. అప్పుడు మీ నెట్‌వర్క్‌లో ఉన్నంతవరకే అవి తమంతట తాము తెరుచుకుంటాయి. టాంగ్ సర్వరును ఈ క్లస్టర్ బయట నడపాలి.

కీ ఫైలుకు హెడరులో ఒక స్లాటు (తెరిచే మార్గాన్ని దాచే గడి), కాగితం మీద రాసి లాకరులో పెట్టే పాస్‌ఫ్రేజుకు మరొకటి కేటాయించండి. స్లాట్లు మార్చిన ప్రతిసారీ హెడరును బ్యాకప్ తీసి, పాత బ్యాకప్‌ను నాశనం చేయండి, ఎందుకంటే తొలగించిన పాస్‌ఫ్రేజు కూడా పాత హెడరుతో పని చేస్తుంది. వాల్యూము కీనే మార్చే రీఎన్‌క్రిప్ట్ చేయాలంటే మాత్రం మూడు చోట్లా అన్‌మౌంట్ చేసి, మ్యాపింగులు మూసి, ఒకే సర్వరు మీద చేయాలి. లక్స్2 మెటాడేటా తాళం ఆ ఒక్క యంత్రానికే పరిమితం కనుక, పాత కీతో తెరిచి ఉన్న మిగతా రెండు సర్వర్లకు ఈ మార్పు తెలియదు.