ఎన్నిక కాని అమీరు భార్య చేతిలో దేశపు చదువులా? షేఖా మోజా ఉదంతం

నీలిసిరా:
షేఖా మోజా ఖతర్ మాజీ అమీరు షేక్ హమద్ భార్య, ఇప్పటి అమీరు తల్లి. 1995లో భర్తతో కలిసి విద్య కోసం ఖతర్ ఫౌండేషన్ స్థాపించారు. దోహాలో ఎడ్యుకేషన్ సిటీ కట్టించి కార్నెల్ వైద్య కళాశాలను, కార్నెగీ మెలన్, జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయాలను రప్పించారు. 2003లో యునెస్కో ప్రత్యేక రాయబారి అయ్యారు. పని గొప్పదే, కాదనను. కానీ ఓటర్లకు జవాబు చెప్పనక్కరలేని వ్యక్తి ఒక దేశపు చదువులకు దిశ నిర్ణయించడం సబబేనా?

దోహావాసి:
నీలిసిరా గారూ, ఆవిడ కాకపోతే ఎన్నికైన మంత్రి చేసేవారు అన్నట్టుంది మీ ప్రశ్న. ఇక్కడ మంత్రులను నియమించేది కూడా అమీరే. 2021లో షూరా మండలికి (చట్టసభ లాంటిది) తొలిసారి ఎన్నికలు జరిగాయి, 2024 రెఫరెండంతో అవీ పోయాయి. ఆవిడను పక్కన పెడితే ఆ కుర్చీలో మరో నియమిత పురుషుడు కూర్చుంటాడు, అంతే. ఆడపిల్లలను పైచదువులకు విదేశాలకు పంపడానికి వెనకాడే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. 2003లో అమెరికాకు చెందిన టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం దోహాలోనే ఇంజినీరింగ్ తరగతులు తెరిచాక, ఆ పిల్లలు ఇంటి నుంచే వెళ్లి పట్టా తెచ్చుకోగలిగారు.

నేషనల్ లైబ్రరీ కూడా ఫౌండేషన్‌దే. మూడు వైపులా మెట్లలా లేచే పాలరాతి అరలు, నడుమ తవ్వకంలో బయటపడినట్టు కిందికి దిగే పాత గ్రంథాల విభాగం. నివాస కార్డు ఉంటే చాలు, సభ్యత్వం ఉచితం. మాలాంటి పరాయి దేశపు ఉద్యోగుల పిల్లలు అక్కడే చదువుకుంటారు.

వెనుక బెంచీ:
లైబ్రరీ బాగుంది, సరే. బడుల సంగతి ఎందుకు దాటవేశారు? 2002లో బడుల విధానం చూసే సుప్రీం ఎడ్యుకేషన్ కౌన్సిల్ పెట్టారు, ఉపాధ్యక్షురాలు ఆవిడే. అమెరికాకు చెందిన ర్యాండ్ పరిశోధన సంస్థ నమూనాతో 2004లో ‘ఇండిపెండెంట్’ బడులు (సర్కారు సొమ్ముతో సొంతంగా నడిచేవి) వచ్చాయి. లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోకి మారాయి. కొన్నేళ్లకే గాలి తిరిగింది, 2012లో ఖతర్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం వంటి కోర్సులు తిరిగి అరబిక్‌లోకి వచ్చాయి. మధ్యలో నలిగిన పిల్లల తల్లిదండ్రులు ఎవరిని నిలదీయాలి? మంత్రి అయితే కనీసం కుర్చీ పోతుంది. అమీరు భార్య ఏ పదవికి రాజీనామా చేస్తుంది?

నీలిసిరా:
సరిగ్గా నా బాధ అదే. నియమిత మంత్రికీ ఆవిడకూ తేడా అక్కడే ఉంది, దోహావాసి గారూ.

దోహావాసి:
విధానాలు ఎన్నికలున్న దేశాల్లోనూ మారుతాయి. మాధ్యమం గొడవ తెలుగువాళ్లకు నేను చెప్పాలా? మన దగ్గర ఏ మంత్రి పిల్లలకు జవాబు చెప్పాడు? ఆవిడ 2012లో మొదలుపెట్టిన ‘ఎడ్యుకేషన్ అబవ్ ఆల్’ యుద్ధాల్లో బడి పోయిన పిల్లల కోసం పనిచేస్తోంది. పదవి లేకపోవడం వల్లే చొరవ వచ్చిందని నా అభిప్రాయం.

వెనుక బెంచీ:
మన మంత్రులు జవాబు చెప్పలేదు, నిజమే. కానీ మనం కోర్టుకు వెళ్లాం, పేపర్లలో తిట్టుకున్నాం. ఖతర్ ఫౌండేషన్‌తో టెక్సాస్ ఎ అండ్ ఎం ఒప్పందాల వివరాలు బయటపెట్టాలని టెక్సాస్‌లో అడిగితే, 2018లో అక్కడి కోర్టుకెక్కి అడ్డుకోవాలని చూసింది ఫౌండేషనే. 2024లో టెక్సాస్ ఎ అండ్ ఎం పాలకమండలి ఓటు వేసి, దోహా ప్రాంగణాన్ని 2028 కల్లా మూసేస్తామంది. మీరు చెప్పిన ఆ ఆడపిల్లల ఇంజినీరింగ్ తరగతుల భవిష్యత్తు తేల్చింది టెక్సాస్‌లో ఓటు వేసినవాళ్లు. దోహాలో ఆ తల్లిదండ్రులను ఎవరైనా ఒక మాట అడిగారా?