టీమ్‌లో టెస్టర్ అనే మనిషి వేరుగా ఉండాలా?

తొమ్మిదేళ్ల_టెస్టర్:
వచ్చే నెల నుంచి మా టీమ్‌లో టెస్టర్లు ఉండరట. ఎవరు రాసిన కోడ్ వాళ్లే టెస్ట్ చేసుకోవాలి, మేం ముగ్గురం డెవలపర్లుగా మారాలి. అమీర్‌పేటలో సెలీనియం (బ్రౌజర్‌లో టెస్టులను కోడ్‌తో నడిపే టూల్) నేర్చుకుని వచ్చినదాన్ని, కోడంటే భయం లేదు. కానీ తన పేపర్ తనే దిద్దుకునే పద్ధతి నిలుస్తుందా?

కోడ్‌పిచ్చి:
ఎందుకు నిలవదు? మైక్రోసాఫ్ట్‌లో టెస్ట్ కోడ్ రాసేవాళ్లకు ఎస్‌డెట్ అని వేరే హోదా ఉండేది. 2014 ప్రాంతంలో దాన్ని డెవలపర్లలో కలిపేశారు. స్క్రమ్ అని టీమ్‌లు పనిచేసే పద్ధతి ఉంది కదా, దాని 2020 గైడ్‌లో టీమ్ అంటే ప్రొడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు, అంతే. వెనకాల చూసేవాళ్లున్నారులే అనుకుంటే డెవలపర్ సగం చూసి వదిలేస్తాడు. నేనూ వదిలేశాను, అబద్ధమెందుకు.

గోదారి_గట్టు:
ఆ గైడ్‌లో డెవలపర్లంటే కోడ్ రాసేవాళ్లే కాదండీ. స్ప్రింట్‌లో, అంటే ఒక్కో పని విడతలో, ప్రొడక్ట్ తయారీకి చెయ్యి వేసే అందరూ. టెస్టరూ అందులోనే.

శంషాబాద్_క్యూ:
2024 జులై 19 మర్చిపోయారా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒక్కటి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లను పడేసింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. టెస్టర్లను తీసేస్తే ఇదే గతి.

కోడ్‌పిచ్చి:
అది టెస్టర్లు లేక జరిగిందని ఎవరన్నారు? కొత్త ఫైల్‌కు 21 విలువలు కావాలి, సెన్సర్ (మెషీన్‌లో ఉండే వాళ్ల సాఫ్ట్‌వేర్) ఇచ్చింది 20. టెస్టులు చేశారు. కాకపోతే 21వ గడిలో ‘ఏదైనా సరే’ అనే గుర్తు పెట్టి చేశారు, తప్పు బయటపడలేదు. పైగా కొద్దికొద్దిగా కాకుండా అందరికీ ఒక్కసారే పంపారు.

తొమ్మిదేళ్ల_టెస్టర్:
నా మాట మీరే చెప్పారు. ఆ గడిలో అసలు విలువ పెట్టి చూద్దామా అన్న అనుమానం కట్టినవాళ్లకు ఒక పట్టాన రాదు. మొన్న మా పేమెంట్ స్క్రీన్‌లో పేరు తెలుగులో కొట్టాను, రసీదు నిండా డబ్బాలే! రాసినతను మంచి పనిమంతుడే, ఇంగ్లీషులో ‘ఏబీసీ’ అని కొట్టి ముందుకెళ్లిపోయాడు.

గోదారి_గట్టు:
ఆ అనుమానానికి హోదా ఎందుకు? మా దగ్గర హోదా పోయింది, ఆవిడ మాత్రం డిజైన్ మీటింగులోనే కూర్చుని “బటన్ రెండుసార్లు నొక్కితే?” అని అడుగుతుంది. కోడ్ రాయకముందే బోలెడు బగ్గులు పోతున్నాయి. మీరు ముందు జీతం డెవలపర్ బ్యాండ్‌లోకి మార్పించుకోండి.

తొమ్మిదేళ్ల_టెస్టర్:
అడిగాను. “పని చూశాక చూద్దాం” అంది హెచ్‌ఆర్.