క్వార్క్ పదార్థానికి సందిగ్ధ బిందువు ఉందా?

ప్రశ్న: నీరు ఆవిరైనట్లే ప్రోటాన్లు, న్యూట్రాన్లు తీవ్రమైన వేడికి క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మాగా (వాటిలోని క్వార్కులు, ఆ క్వార్కులను బంధించే గ్లూవాన్లు విడివడి తిరిగే స్థితిగా) మారతాయని చదివాను. అయితే ఆ మార్పుకు స్పష్టమైన హద్దు లేదని కూడా అంటున్నారు. ఏది సరైనదో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: బేరియాన్ సాంద్రత (ప్రోటాన్, న్యూట్రాన్ వంటి కణాలు వాటి ప్రతికణాల కన్నా ఎంత ఎక్కువున్నాయో తెలిపే కొలత) దాదాపు శూన్యమైనప్పుడు హద్దు లేదన్నదే సరైనది. స్థలకాలాన్ని గడులుగా విభజించి కంప్యూటర్‌పై చేసే లాటిస్ గణనల ప్రకారం సుమారు 156 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు), అంటే దాదాపు 1.8 లక్షల కోట్ల కెల్విన్‌ల వద్ద, ఆ మార్పు నీరు మరిగినట్లు కాక, వెన్న మెత్తబడినట్లు క్రమంగా జరుగుతుంది.

జవాబు 2: సాంద్రత పెరిగితే పరిస్థితి మారవచ్చు. అక్కడ మొదటి తరగతి ప్రావస్థా పరివర్తన (నీరు మరిగినట్లు స్పష్టమైన హద్దుతో జరిగే మార్పు), దాని కొసన ఒక సందిగ్ధ బిందువు (ఆ హద్దు ముగిసిపోయే చోటు) ఉండవచ్చని అనేక నమూనాలు సూచిస్తున్నాయి. కానీ సాంద్రత శూన్యం కానప్పుడు లాటిస్ గణనలో ఒక్కో అమరికకు ఇచ్చే భారాలు సంకీర్ణ సంఖ్యలైపోయి, వాటిని సంభావ్యతలుగా తీసుకోలేం; అందువల్ల యాదృచ్ఛిక నమూనాలతో లెక్కించే మాంటే కార్లో పద్ధతి నేరుగా పనిచేయదు. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఆకర్షించే చిక్కు ఇదే. అందుకే ప్రయోగం ద్వారా వెతకడానికి అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో 2010 నుంచి బంగారు కేంద్రకాల తాకిడి శక్తిని మెట్లు మెట్లుగా తగ్గిస్తూ, సందిగ్ధ బిందువు జాడ చూపగల నికర ప్రోటాన్ల సంఖ్యలోని (ప్రోటాన్ల నుంచి ప్రతిప్రోటాన్లను తీసివేయగా మిగిలే సంఖ్యలోని) హెచ్చుతగ్గులను కొలిచారు.

ప్రశ్న: శక్తిని తగ్గిస్తే సాంద్రత ఎలా పెరుగుతుందండీ?

జవాబు 2: అధిక శక్తి వద్ద కేంద్రకాలు ఒకదానిలోంచి మరొకటి దూసుకుపోతాయి కనుక వాటి బేరియాన్లు మధ్యలో పెద్దగా మిగలవు, శక్తి తగ్గినప్పుడు అవి అక్కడే నిలిచిపోతాయి.