లేయర్లకి (గుడ్లు పెట్టే కోళ్లకి) ప్రోబయోటిక్ ఏడాది పొడుగునా కలపాలా, అవసరమొచ్చినప్పుడేనా?

హోస్కోటె షెడ్డు:
మాది హోస్కోటె పక్కన చిన్న లేయర్ షెడ్డండి. దాణా ఇచ్చేవాళ్లు ప్రోబయోటిక్ (పేగులకి మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న పొడి), యాసిడిఫయర్ (పేగుల్లో పులుపు పెంచే ఆమ్లం) రెండూ రోజూ కలపాల్సిందే అంటున్నారు, మా బావేమో రెట్ట పల్చబడితే చూద్దాంలే అంటాడు. బస్తాకి ఖర్చు పెరిగిపోతోంది. మీరేం చేస్తున్నారు?

యలహంక పెట్టలు:
నీళ్లూ మొక్కజొన్నా చూసుకోకుండా పొడుల మీద డబ్బు పెట్టొద్దండి. చాలా షెడ్లలో ట్యాంకులో క్లోరిన్ వేసి అదే నీళ్లలో లాక్టోబాసిల్లస్ అనే ప్రోబయోటిక్ బ్యాక్టీరియా కలుపుతున్నారు, క్లోరిన్‌కి మంచి బ్యాక్టీరియా చెడ్డ బ్యాక్టీరియా అని తేడా ఉండదు కదా, అన్నీ చచ్చిపోతాయి. దాణాని గుళికలుగా చేసే పెల్లెట్ మిషను వేడికీ లాక్టోబాసిల్లస్ ఆగదు, బాసిల్లస్ సబ్టిలిస్ అనే ఇంకో రకమైతే స్పోర్ (గట్టి పొర ఉన్న బీజం) రూపంలో ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది, అందుకే ప్యాకెట్ మీద ఏ రకమో చదివి కొనండి. ఇక మొక్కజొన్న సరిగ్గా ఆరకపోతే బూజు, దాంతో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం, అది లివర్‌ని దెబ్బతీస్తే పేగులెంత బాగున్నా గుడ్లు తగ్గుతాయి.

కోలార్ వెట్:
నీళ్ల సంగతి నిజమే అన్నా, కానీ ప్రోబయోటిక్ మొత్తానికే దండగంటే ఒప్పుకోను. పెద్ద కోడి పేగుల్లోని బ్యాక్టీరియాని పిల్లలకి ముందే పట్టిస్తే సాల్మొనెల్లా అనే రోగ బ్యాక్టీరియా నిలదొక్కుకోలేదని ఫిన్లాండ్‌లో నూర్మి, రంటాలా 1973లోనే చూపించారు. పిల్లల దశలో, యాంటీబయోటిక్ కోర్సు అయ్యాక, షెడ్డు మార్చినప్పుడు ఇవ్వండి, ఆ ఖర్చు దండగ కాదు. ఇంకోటి, పెరుగుదల కోసం దాణాలో యాంటీబయోటిక్ కలపడాన్ని యూరప్‌లో 2006లో పూర్తిగా ఆపేశారు, మన దగ్గర 2019లో కోళ్లకి కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ నిషేధించారు. ఆ దారి మూసుకుపోతున్నప్పుడు పేగుల్ని ఇంకో రకంగా కాపాడుకోవాలా వద్దా? గుడ్డు తినేది మన పిల్లలే కదా.

యలహంక పెట్టలు:
పిల్లల దశకి సరే డాక్టర్ గారూ, నేనూ కాదనను. నా బాధల్లా పెంకు పల్చబడిందని కూడా ఇదే పొడి అంటగడుతున్నారని. పెట్ట రోజుకి 110 గ్రాముల దాకా తింటుంది, అందులో దగ్గర దగ్గర 4 గ్రాముల కాల్షియం అందాలి. పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రిపూట, కాల్షియం కోసం వేసే సున్నపురాయి సన్న పొడైతే తొందరగా అరిగిపోతుంది, దాని ముతక పలుకులు (గ్రిట్) గిజర్డ్‌లో, అంటే కోడి కందనకాయలో ఆగి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది. సాయంత్రం దాణాలో గ్రిట్ వేసి చూడండి ముందు.

కోలార్ వెట్:
అది వంద శాతం కరెక్ట్. హోస్కోటె అన్నా, రెట్టలో రక్తం కనిపిస్తే మాత్రం కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) అనుమానించాలి, దానికి ప్రోబయోటిక్ మందు కాదు, వెంటనే డాక్టర్‌కి చూపించండి, కోడి చనిపోతే పోస్ట్‌మార్టం చేయించండి.

హోస్కోటె షెడ్డు:
రక్తం లేదండి, పల్చగా ఉంది అంతే. క్లోరిన్ ట్యాంకులోనే కలుపుతున్నాం మేము కూడా. రేపట్నుంచి ప్రోబయోటిక్ దాణాలోకి మారుస్తా, అదీ ఒక వరసకే, పక్క వరసకి అదే వయసు పెట్టలు అదే దాణా పొడి లేకుండా. గుడ్లు, పగుళ్లు, తిన్న దాణా రెండు వైపులా విడివిడిగా రాసి ఇక్కడే పెడతా.