ఇటలీలో గదిలో కరెంటు పోయి మూడు గంటలైంది, ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు

బెజవాడ_వాణి, సాయంత్రం 6:10
అందరికీ నమస్కారం. ఇటలీలో బీచ్ దగ్గర కొండ మీద చిన్న హోటల్ తీసుకున్నాం. మధ్యాహ్నం మూడింటి నుంచి గదిలో కరెంటు లేదు. ఓనర్‌కి పదిసార్లు చేశాను, ఎత్తడం లేదు. రిసెప్షన్ లాంటిదేమీ లేదు, తాళంచెవి ఒక డబ్బాలో పెట్టి నంబరు పంపారు. గుమ్మం పక్కనున్న స్విచ్చుల బోర్డులో అన్నీ పైకే ఉన్నాయి. కిందికి దించి మళ్ళీ వేశాను, లాభం లేదు. వీధిలో అందరికీ కరెంటు ఉంది, ఎదురు దుకాణంలో ఫ్రిజ్‌లు నడుస్తున్నాయి. అమ్మానాన్న కూడా ఉన్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు తొందరగా చెప్పండి ప్లీజ్.

కొండవాలు
మీటర్ చూడండి. గదిలోది కాదు, బిల్డింగ్‌ది.

బెజవాడ_వాణి
మీటర్ ఎక్కడుంటుంది? గదిలో నాకైతే కనిపించలేదు.

రైలు_ప్రయాణాలు
ఏ ఊరండీ? ఇటలీలో బీచ్ దగ్గర కొండ అంటే వంద ఊళ్ళున్నాయి.

బెజవాడ_వాణి
కొర్నిలియా. చింక్వె తెర్రెలో.

రైలు_ప్రయాణాలు
అయ్యో, పెద్దవాళ్ళతో కొర్నిలియా ఎందుకు తీసుకున్నారండీ! అక్కడున్న ఐదు ఊళ్ళలో నేరుగా నీటి ఒడ్డున లేనిది అదొక్కటే. సముద్రం మీద సుమారు వంద మీటర్ల ఎత్తున ఉంది. స్టేషన్ కింద, ఊరు పైన, మధ్యలో 382 మెట్లు. బీచ్‌కి అయిదు వందల మీటర్లు అని ఫోన్‌లో చూసి బుక్ చేసేస్తారు, అది అడ్డంగా కొలిచిన దూరం, ఎక్కి దిగే దూరం కాదు. పైగా దిగాక ఉండేవి రాళ్ళు. ఇసుక కావాలంటే మోంతెరోస్సో తీసుకోవాలి, అక్కడ ఫెజీనా బీచ్ స్టేషన్ బయటికి రాగానే కనిపిస్తుంది. అది కాకపోతే లెవాంతో, చదునైన ఊరు, గదులు కూడా దొరుకుతాయి. ఏ ఊరికైనా రైలు నిమిషాల్లో చేరుస్తుంది. నేను ఈ గ్రూపులో ఎన్నిసార్లు చెప్పానో.

బెజవాడ_వాణి
ఆలోచించే తీసుకున్నామండీ. ఆగస్టులో మా బడ్జెట్‌కి ఇంకెక్కడా గది దొరకలేదు. స్టేషన్ నుంచి బస్సులోనే పైకి వచ్చాం, మెట్లెక్కలేదు. ఇప్పుడు నా సమస్య కరెంటు.

పాదువా_విద్యార్థి
అక్కా, ఇవాళ ఆగస్టు 15. మనకి స్వాతంత్ర్య దినం, వీళ్ళకి ఫెర్రాగోస్తో. ఇటలీ మొత్తానికి పెద్ద సెలవు, ఓనర్ కుటుంబంతో ఎక్కడో భోజనాల్లో ఉండి ఉంటాడు. ఫోన్‌తో పాటు వాట్సాప్‌లో కూడా రాయండి. "ఎ సల్తాతా లా కొర్రెంతే" అని వాయిస్ మెసేజ్ పెట్టండి, కరెంటు పోయిందని అర్థం. పక్కింట్లో ఎవరైనా ఉంటే "కొంతతోరే?" అని అడగండి, మీటర్ అని. చూపిస్తారు, ఇక్కడ ముసలివాళ్ళు చాలా సాయం చేస్తారు.

వైరింగ్_వెంకట్
అమ్మా, పోయిన క్షణంలో గదిలో ఏమేం నడుస్తున్నాయి? ముందు అది చెప్పండి.

బెజవాడ_వాణి
ఏసీ, గీజర్. అంతే. అమ్మ రైస్ కుక్కర్ పెట్టింది కానీ అది చిన్నదే, ఇంటి నుంచి తెచ్చుకున్నాం. మొన్న రోమ్‌లో కూడా పెట్టాం, ఏమీ కాలేదు.

వైరింగ్_వెంకట్
అదీ అసలు సంగతి. గీజర్ 1200 వాట్లు, ఏసీ 900, కుక్కర్ 700 అనుకోండి, 2800 అయింది. పక్క గది కూడా అదే మీటర్ మీద ఉండి వాళ్ళూ ఏసీ వేసుకుంటే అయిపోయింది.

పాదువా_విద్యార్థి
కరెక్ట్ అన్నా. ఇక్కడ ఇళ్ళకి మామూలుగా ఇచ్చేది 3 కిలోవాట్లు. కొంచెం దాటితే కాసేపు ఊరుకుంటుంది, తర్వాత మీటరే ఆపేస్తుంది. అందుకే గదిలో స్విచ్చులన్నీ పైకే ఉన్నాయి. మా ఫ్లాట్‌లో వాషింగ్ మెషీన్, ఓవెన్ కలిపి వేస్తే ఇదే జరుగుతుంది, చలికాలంలో నాలుగు అంతస్తులు దిగి వెళ్ళి వేసి వస్తాం.

పల్నాటి_పిల్ల
అంటే ఫ్యూజ్ పోయిందన్నమాట.

వైరింగ్_వెంకట్
ఫ్యూజ్ కాదమ్మా. ఫ్యూజ్ అంటే లోపలి తీగ కాలిపోవడం, కొత్త తీగ వేయాలి. ఇక్కడ కాలిందేమీ లేదు. బోర్డులో సన్నగా ఉండేవి ఎమ్‌సీబీలు, లోడ్ ఎక్కువైతే పడతాయి. టీ అక్షరం రాసిన బటన్ ఉన్నది లీకేజీకి, అంటే కరెంటు తీగ దాటి బయటికి పారితే, పడేది. ఇవి రెండూ కాక మీటర్ దగ్గరిది మూడోది.

పల్నాటి_పిల్ల
మా ఊళ్ళో అన్నిటికీ ఫ్యూజ్ పోయిందనే అంటాం అంకుల్. అర్థమైతే చాలు కదా.

వైరింగ్_వెంకట్
చాలదు. లీకేజీకి పడినదాన్ని లోడ్ అనుకుని మళ్ళీ మళ్ళీ ఎత్తితే మనుషులు పోతారు. నా పనిలో కళ్ళారా చూశాను, అందుకే పేర్ల దగ్గర పట్టుబడతాను.

పాదువా_విద్యార్థి
ఆ లీకేజీదాన్నే ఇక్కడ సాల్వవీతా అంటారు, ప్రాణం కాపాడేది అని.

బెజవాడ_వాణి
ఇంకో విషయం. నాన్నగారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. మూడు గంటలైంది, పాడైపోతుందా? నాకు అదే భయం.

కొండవాలు
ఇది ముందే చెప్పాలి. ఫ్రిజ్ తలుపు తెరవకండి.

మందుల_షాపు_మాధవి
కంగారు పడకండమ్మా. వాడుతున్న ఇన్సులిన్ పెన్ అయితే చాలా రకాలు 30 డిగ్రీల లోపు బయటే సుమారు నాలుగు వారాలు ఉండగలవు, డబ్బాలోని కాగితం మీద రాసి ఉంటుంది, చూసుకోండి. తెరవని పెన్నులకే ఫ్రిజ్ కావాలి, అవి కూడా మూసిన ఫ్రిజ్‌లో మూడు గంటలకి పాడవ్వవు. రాత్రికీ కరెంటు రాకపోతే కింద బార్‌లో అడిగి వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టించండి. ఐస్‌కి నేరుగా తగలనివ్వకండి, గడ్డకడితే ఇక పనికిరాదు. నాన్నగారు టైమ్‌కి ఏదో ఒకటి తినేలా చూడండి, అన్నం కోసం ఆగొద్దు.

శాకాహారి_శారద
తినడానికి ఫరీనాత అడగండి. మీరున్న లిగూరియా ప్రాంతం వాళ్ళ శనగపిండి అట్టు, నూనె, ఉప్పు, నీళ్ళు తప్ప ఏమీ ఉండవు. పెస్తో పచ్చడితో మాత్రం జాగ్రత్త. అందులో వేసే పార్మీజానో చీజ్‌కి పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. తులసిలాంటి ఆకు కదా అని మనవాళ్ళు శాకాహారం అనుకుని తినేస్తారు. నేను రెండేళ్ళు తిన్నాక తెలిసింది, ఆ బాధ ఇంకా పోలేదు.

రైలు_ప్రయాణాలు
అసలు గదిలో వంటకి ఒప్పుకున్నారా? బుకింగ్‌లో చూడండి, చాలాచోట్ల రాసి ఉంటుంది. ఇంకోటి, రేపు మోంతెరోస్సో వెళ్తే గొడుగు, కుర్చీ ఉన్నచోట డబ్బు కట్టాలి. స్ప్యాజ్జా లీబెర అని రాసిన భాగం ఉచితం, తువ్వాలు మనదే. మెడిటరేనియన్ నీళ్ళు ఆగస్టులో చాలా బాగుంటాయి, పెద్దవాళ్ళు కూడా దిగొచ్చు.

తెలుగు_మాస్టారు
మెడిటరేనియన్ బదులు మధ్యధరా అనవచ్చు కదండీ. ధర అంటే భూమి. భూముల మధ్య ఉన్న సముద్రం. లాటిన్ పేరుకీ అదే అర్థం. ఇంత చక్కటి మాట మనకుండగా వదిలేస్తున్నాం.

పాదువా_విద్యార్థి
అక్కడున్నది లిగూరియన్ సముద్రం మాస్టారూ.

తెలుగు_మాస్టారు
అది మధ్యధరాలో భాగమే బాబూ.

కొండవాలు
వాణి గారూ, మీటర్ దొరికిందా?

వైరింగ్_వెంకట్
ముందు గదిలో మూడూ ఆపండి, కుక్కర్ ప్లగ్ పీకేయండి. తర్వాతే కిందికి వెళ్ళండి. వీధి గుమ్మం దగ్గరో, బయట గోడలోనో చిన్న తలుపు ఉంటుంది. లోపల నాలుగైదు మీటర్లుంటే, మీట కిందికి పడి ఉన్నదే మీది అయ్యుండాలి. పక్కవాళ్ళనో ఓనర్‌నో అడిగి నిర్ధారించుకుని పైకెత్తండి. ఎత్తగానే మళ్ళీ పడితే ముట్టుకోవద్దు, ఓనర్ కోసం ఆగండి. చేతులు తడిగా ఉండకూడదు.

బెజవాడ_వాణి, రాత్రి 7:52
దొరికింది. వీధి గోడలో ప్లాస్టిక్ తలుపు వెనక ఉంది, దాని ముందు పూలకుండీ పెట్టారు. కింది ఇంటి పెద్దావిడ చూపించింది. ఒక్కటే మీట కిందికి ఉంది, ఎత్తాను, వచ్చింది. గీజర్ ఆపేసి కుక్కర్ పెట్టాం. నాన్న బ్రెడ్ తిన్నారు. థాంక్స్ అందరికీ.

పల్నాటి_పిల్ల
హమ్మయ్య. మేము సెప్టెంబర్‌లో గ్రీస్ వెళ్తున్నాం. అక్కడ కూడా కొండ మీద గదే. ఇండక్షన్ స్టవ్ తీసుకెళ్తే నడుస్తుందా?

కొండవాలు
కొత్త పోస్ట్ పెట్టండి.