అప్రైజల్ (ఇంటి విలువ అంచనా) తక్కువొచ్చింది, మధ్యలో ఉన్న ఏఎంసీ (అప్రైజల్ మేనేజ్‌మెంట్ కంపెనీ) మీద ఎవరికి చెప్పుకోవాలి? (టెక్సస్)

ఫ్రిస్కో_కొత్తిల్లు:
ఇల్లు 5 లక్షల 60 వేల డాలర్లకు కుదిరింది. అప్రైజల్ 5 లక్షల 35 వేలే వచ్చింది. ఫీజు కింద నా దగ్గర 700 తీసుకున్నారు. ఇంటికొచ్చిన అప్రైజర్ మా ఏజెంటుతో మాటల్లో "నా చేతికి 400 వస్తాయి" అన్నాడట. మిగతాది, లెండర్ తరఫున అప్రైజర్‌ని పంపే ఏఎంసీకి. వాళ్ళకు ఫోన్ చేస్తే లెండర్‌ని అడగమంటారు. లెండరేమో అప్రైజర్‌తో మాట్లాడకూడదు అంటాడు. క్లోజింగ్‌కి, అంటే కొనుగోలు పూర్తయ్యే రోజుకి, పన్నెండు రోజులుంది, టెన్షన్‌గా ఉంది. అసలు ఈ కంపెనీల మీద అజమాయిషీ ఎవరిది?

కొలతటేపు:
నేను అప్రైజర్‌నే, డాలస్ వైపు పని. 2008కి ముందు లోన్ ఆఫీసర్లు మాకే నేరుగా ఫోన్ చేసి "ఇంత రావాలి" అనేవాళ్ళు. రాకపోతే మళ్ళీ పని ఇచ్చేవాళ్ళు కాదు. అది ఆపడానికి న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆండ్రూ క్యూమో, లెండర్ల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థలు కలిసి ఒక నియమావళి తెచ్చారు, 2009 మే నుంచి అమలు. లోన్ మీద కమిషన్ తినేవాడు అప్రైజర్‌ని ఎంచుకోకూడదు. ఏఎంసీని పెట్టుకోవాలని అందులో లేదు. కానీ లెండర్లకు అదే సులువు, అందరూ అటే పోయారు.

2010లో డాడ్-ఫ్రాంక్ అనే కేంద్ర చట్టం వచ్చి ఏఎంసీల నమోదు, పర్యవేక్షణ రాష్ట్రాలకు అప్పగించింది. కేంద్ర నిబంధనలు 2015లో ఖరారయ్యాయి. ఒక రాష్ట్రంలో 15 మందికి మించి గానీ, రెండు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కలిపి 25 మంది లేదా ఎక్కువ గానీ అప్రైజర్లు ప్యానెల్లో ఉంటే అది ఏఎంసీ కింద లెక్క. రాష్ట్రం ఈ ఏర్పాటు చేయకపోతే అక్కడ ఏఎంసీలు బ్యాంకు లోన్ల అప్రైజల్స్ చాలావరకు చేయలేవు. అందుకే రాష్ట్రాలు కదిలాయి. మన టెక్సస్ 2011లోనే చట్టం చేసుకుంది, చూసేది టీఏఎల్‌సీబీ, అంటే అప్రైజర్లకు లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డు. వాళ్ళ సైట్‌లో కంపెనీ పేరు కొట్టి చూడండి. పెద్ద బ్యాంకుకు సొంతమైన ఏఎంసీ అయితే అక్కడ కనిపించకపోవచ్చు, వాటికి రాష్ట్ర నమోదు అక్కర్లేదు.

ఏఎంసీకి పోయిన ఆ మిగతా 300 సంగతంటారా, అప్రైజర్‌కి ఆ ఊళ్ళో నడిచే న్యాయమైన ఫీజు ఇవ్వాలని కేంద్ర చట్టంలో ఉంది. ఏఎంసీ ఎంత మిగుల్చుకోవాలో అందులో లేదు. మా కడుపుమంట అదే.

బేటన్‌రూజ్_రావు:
మా లూసియానా బోర్డు ఆ న్యాయమైన ఫీజు సంగతి తేల్చబోయింది. 2017లో ఎఫ్‌టీసీ (వ్యాపారాల్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) ఆ బోర్డు మీద కేసు పెట్టింది, ఇది పోటీని దెబ్బతీసి ధరలు కట్టడమేనని. బోర్డును నడిపేది అప్రైజర్లేనని వాళ్ళ అభ్యంతరం. 2022లో రాజీ అయ్యింది. ఎఫ్‌టీసీ వాదన నాకు సబబుగానే అనిపించింది. కొలతటేపు గారు తిట్టుకోవద్దు.

కొలతటేపు:
తిట్టను గానీ, ఒప్పుకోను కూడా :)

మియాపూర్_టు_ప్లేనో:
హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నప్పుడు బ్యాంకు ప్యానెల్ వాల్యుయర్ వచ్చి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. ఎవరు పంపారు, ఎంత ఇచ్చారు అని అడగాలనే తట్టలేదు నాకు. ఇక్కడ కనీసం అడగడానికి ఒక బోర్డుంది.

షార్లెట్_సుధ:
ఫ్రిస్కో గారూ, మీరు రెండు పంచాయితీలు కలిపేస్తున్నారు. నేనూ అదే చేసి మూడు వారాలు పోగొట్టుకున్నా. మా రాష్ట్ర బోర్డుకి రాస్తే ఎంతో ఓపిగ్గా జవాబిచ్చారు: ఇంటి విలువ మేం మార్చం అని. నమోదు లేకుండా పని చేయడం, అప్రైజర్ మీద ఒత్తిడి తేవడం, డబ్బు ఎగ్గొట్టడం లాంటివైతే వాళ్ళు చూస్తారు. విలువ తప్పనుకుంటే లెండర్‌కే రాయాలి, దాన్ని రీకన్సిడరేషన్ ఆఫ్ వాల్యూ అంటారు. అప్రైజర్‌తో మాట్లాడకూడదన్నది సగం నిజం. ఒత్తిడి తేకూడదు. తప్పు దిద్దమని, కొత్త సమాచారం చూడమని అడగడం చట్టంలోనే ఉంది. లెండర్లు దీనికో పద్ధతి పెట్టి మనకు చెప్పాలని ఫానీ, ఫ్రెడ్డీ 2024లో నియమం తెచ్చాయి. ఒక్కసారే అవకాశం, ఐదు కాంప్స్ (పోల్చడానికి దగ్గర్లో అమ్ముడైన ఇళ్ళు) వరకు, అదీ క్లోజింగ్‌కి ముందే. ముందు రిపోర్టు కాపీ అడగండి, అది మీ హక్కు.

ఫ్రిస్కో_కొత్తిల్లు:
కాపీ మొన్ననే మెయిల్లో వచ్చిందండీ, చివరి అంకె చూసి మూసేశాను. ఇప్పుడు మొదటి పేజీ నుంచి చదివా. ఇల్లు 2,640 చదరపు అడుగులు. 2,460 అని వేశాడు. బిల్డర్ ప్లాన్ జతచేసి లెండర్‌కి ఇప్పుడే పంపా.